ఇంకోటి సూపించమనండి

మా ఇంట్లో డబ్బుందని నాకు ఏడేళ్ళ వయసులో తెలిసింది. రాజాంలో మా బడికి వచ్చే పిల్లల్లో సగం మంది క్యారేజీలు మా కొట్టు సంచుల్లోనే వచ్చేవి. పసుపు గుడ్డ సంచీ, దాని మీద ఎర్ర అక్షరాలతో మా ఇంటిపేరు. అందరి అన్నాలూ మా ఇంటిపేరులోంచే బయటికొస్తుంటే నేను మాత్రం ప్లాస్టిక్ బుట్టలో తెచ్చుకునేదాన్ని. ఆ సంచీ పట్టుకోవడం మా అమ్మకి నామోషీ. పిల్లలు నాకు "సంచీ" అని పేరు పెట్టారు. పదో తరగతి దాకా నేను సంచీనే. బ్రాండు అంటే ఏమిటో నాకు తర్వాత ఎవరూ చెప్పాల్సిన అవసరం రాలేదు.

మాది మెయిన్ రోడ్డు మీద నాలుగంతస్తుల బట్టల కొట్టు. ఊరి బయట ఒక ధాన్యం మిల్లు. నేను ఒక్కతే సంతానం. నేను వారసురాలినన్న సంగతి నాకంటే ముందు మా బంధువులకి అర్థమైంది. పెళ్ళిళ్ళలో మా మేనత్తలు నా ఎదురుగానే ఆ విషయం తేల్చుకునేవారు.

"దీన్ని సేసుకునేవోడు అదృష్టవంతుడే. కూకున్న కాడికి కొట్టు వస్తాది," అనేది పెద్దత్త.

"గల్లా దగ్గర కూకోవాలంటే కాస్త ఒళ్ళున్నోడు గావాల," అనేది చిన్నత్త.

వాళ్ళ బెంగంతా గల్లాపెట్టె వెనక ఉన్న కుర్చీ గురించి. దానికి సరిపడే మనిషిని వెతకాలి. నేను ఆ కుర్చీతో పాటు ఉచితంగా వచ్చే దిండుని.

బడి వదిలాక ఇంటికి పోకుండా కొట్టులో చీరల అంతస్తుకి వెళ్ళేదాన్ని. అక్కడ తెల్ల దుప్పటి వేసిన పరుపు మీద మా పాత గుమాస్తా కూర్చుని ఉండేవారు. ఆయన్ని బాబాయ్ అని పిలిచేదాన్ని. ఆయన ముప్పై ఏళ్ళ పాటు మా కొట్టులో చీరలు విప్పారు, మడిచారు. నాకు చీర మడత పెట్టడం నేర్పింది ఆయనే. అంచు అంచుకి కలిపి, ఒళ్ళోకి లాక్కుని, చేత్తో ఒక్కసారి నిమిరితే చీర మళ్ళీ ఎవరూ తాకనట్టు అయిపోయేది.

మిగతా గుమాస్తాలకి ఒక అలవాటుండేది. పదో చీర దాటిందంటే ఒక నిట్టూర్పు విడిచేవారు. పెద్దగా ఏమీ కాదు, ముక్కులోంచి సన్నగా. అది వినగానే ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ళు గాభరాపడి, చేతికి అందింది తీసుకుని లేచిపోయేవారు. మా నాన్న దాన్ని అమ్మకంలో నేర్పు అనుకునేవాడు. బాబాయ్ మాత్రం యాభై చీరలు విప్పినా నిట్టూర్చేవారు కాదు. ఎందుకని ఒకసారి అడిగాను.

"అడగడానికి మొగమాటపడతారండి అమ్మాయిగారూ. ఇంకోటి సూపించు అని ఆడమనిషి నోరు తెరిసి అడిగిందంటే, అంతకుముందే నాలుగుసార్లు అడగాలనుకుని మానేసినాదన్నమాట," అన్నారు.

అప్పుడు నాకు పదేళ్ళు. ఆ మాట విని, ఆయన పెట్టిన జీళ్ళు తిని, మర్చిపోయాను.

విశాఖపట్నంలో ఎంబీయే చదివి వచ్చాక నాన్న నన్ను కొట్టులో కూర్చోబెట్టాడు. అల్లుడు దొరికేదాకా పిల్ల కాలక్షేపం అని అత్తలు సరిపెట్టుకున్నారు. మూడు నెలలు కూర్చున్నాను. ఒకరోజు పాలకొండ వైపు నుంచి ఒక పెళ్ళివారు వ్యాను నిండా వచ్చారు. పెళ్ళికూతురి తల్లి గంధం రంగు పట్టుచీర భుజం మీద వేసుకుని, అద్దంలో చూసుకుని, "ఎలాగున్నాదమ్మా?" అని నన్ను అడిగింది. కస్టమరుతో నిజాయితీగా ఉండాలని రెండేళ్ళు చదువుకుని వచ్చినదాన్ని.

"జ్వరం వచ్చి లేచినట్టున్నారండీ," అన్నాను.

పది నిమిషాల్లో వ్యాను కదిలి ఎదుటి కొట్టు ముందు ఆగింది. నాన్న గల్లా దగ్గర్నుంచి లేచి వచ్చాడు. అరవలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు.

"నిజం సెప్పడానికి కొట్టెందుకే? అరుగు మీద కూకుని సెప్పొచ్చు కదా?"

మర్నాటి నుంచి నేను ఇంట్లో ఉన్నాను. నిజం చెప్పాల్సిన అవసరం లేని ఉద్యోగం కోసం వెతికితే అడ్వర్టయిజింగ్ దొరికింది.

విశాఖపట్నంలో పన్నెండు మంది ఉన్న ఏజెన్సీ అది. ఇంటర్వ్యూలో మా బాస్ అడిగింది ఒకటే ప్రశ్న: "రాజాంలో ఆ పెద్ద బట్టల షాపు మీదేనా?" అవునన్నాను. సోమవారం నుంచి రమ్మన్నాడు. నా ప్రతిభని అంత త్వరగా గుర్తించిన మనిషిని మళ్ళీ చూడలేదు. ఆ తర్వాత ఆరేళ్ళపాటు వారానికొకసారి "నాన్నగారు కులాసాయేనా?" అని అడిగేవాడు. మా నాన్న ఆరోగ్యం గురించి మా అమ్మ కూడా అంత బెంగపడి ఉండదు.

ఆ ఆరేళ్ళలో నేను చాలా రాశాను. సముద్రం కనిపించే అపార్ట్‌మెంట్లకి రాశాను. నీళ్ళ ట్యాంకు ఎక్కి నిలబడితే సముద్రం కనిపించేది, అదీ పక్కవాళ్ళు దుప్పట్లు ఆరేయని రోజున. పళ్ళ డాక్టరుకి నవ్వే కుటుంబం ఫొటో పెట్టాను. ఆ నలుగురూ ఒకరికొకరు ఎవరో తెలియదు, తల్లి వేషం వేసినావిడకి అన్నీ కట్టుడుపళ్ళే. మెల్లగా ఎగ్జిక్యూటివ్‌ని అయ్యాను, నా పేరున్న కార్డు వచ్చింది. అమ్మ చుట్టాలకి "మా పాప టీవీలో సేస్తాది" అని చెప్పేది. వాళ్ళు నెలల తరబడి టీవీ చూసి, నేను కనిపించక, నన్ను తీసేశారేమో అనుకుని జాలిపడ్డారు. నాన్న మాత్రం "గోడల మీద రాయిస్తాది" అని తేల్చేవాడు.

ఆరో ఏట నాన్న శ్రీకాకుళంలో అరసవల్లి వెళ్ళే రోడ్డు మీద ఐదంతస్తుల కొట్టు కట్టడం మొదలుపెట్టాడు. ప్రచారం కోసం మూడు ఏజెన్సీలని పిలిచాడు. అందులో మాదొకటి. నేను అడగలేదు. ఆయనే మా ఆఫీసుకి ఈమెయిల్ పంపించాడు. దాంట్లో నన్ను "మీ సిబ్బంది" అన్నాడు. మా బాస్ ఆ ఈమెయిల్ ప్రింటు తీసి, మడిచి జేబులో పెట్టుకుని తిరిగాడు.

ప్రెజెంటేషన్ రోజు పొద్దున నేను రాజాంలో మా ఇంట్లోనే ఉన్నాను. నాన్నా నేనూ ఎదురెదురుగా కూర్చుని ఇడ్లీ తిన్నాం. ఆయన పేపరు చదువుకున్నాడు. గంట తర్వాత మిల్లు ఆఫీసులో నన్ను చూసి "రండి, కూర్చోండి" అన్నాడు. బంగారు అంచు కప్పుల్లో కాఫీ వచ్చింది. చిన్నప్పటి నుంచి నన్ను ముట్టుకోనివ్వని కప్పులు అవి. బయటిదాన్నైతే గాని అందులో తాగే యోగ్యత రాలేదు.

నా ఆలోచన గొప్పగా ఉంటుందని నాకు గట్టి నమ్మకం. భీమిలి ఒడ్డుకి ఒక కెరటం వస్తుంది. వస్తూ వస్తూ అది నీలం పట్టుచీర కుచ్చిళ్ళుగా మారిపోతుంది. వెనక వీణ. మాటలేమీ ఉండవు. లైట్లు ఆర్పించి, తెర మీద బొమ్మలు చూపించి, గొంతు తగ్గించి చెప్పాను. లైట్లు వేశాక నాన్న నా వైపు తిరిగాడు.

"ఉప్పునీళ్ళు తగిలితే పట్టు పాడవదా?" అన్నాడు.

"అది ఊహ నాన్నా… ఊహ అండీ," అన్నాను.

"ఊహలో పాడయినా సీర పాడయినట్టే కదమ్మా. సూసినోళ్ళు ఏటనుకుంటారు?" అని, మా బాస్ వైపు తిరిగి, "మీ ఆఫీసు నుంచి పెద్దవోళ్ళెవరూ రానేదా?" అని అడిగాడు.

మా బాస్‌కి యాభై ఆరేళ్ళు. కొత్త చొక్కా వేసుకుని నా పక్కనే కూర్చున్నాడు.

పని హైదరాబాదు ఏజెన్సీకి వెళ్ళింది. వాళ్ళు ఒక సినిమా హీరోయిన్ని తెస్తామన్నారు. సాయంత్రం నాన్నే ఫోన్ చేశాడు.

"ఏటీ అనుకోకు. బయటోళ్ళయితే పని బాగునేకపోతే పొమ్మంటాను. నిన్నేటని పొమ్మంటాను?"

ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే కోపం రెండింతలైంది.

నెల తిరక్కుండానే బాబాయ్ మా ఆఫీసుకి వచ్చారు. ఆమదాలవలసలో రైలెక్కి, పలాస జీడిపప్పు పొట్లం పట్టుకుని, రిసెప్షన్ సోఫా అంచు మీద కూర్చున్నారు. మా కొట్టులో మానేసి ఏడాదయిందని, అరసవల్లి రోడ్డులోనే ఒక గది తీసుకుని సొంతంగా చీరలు పెట్టారని నాకు అప్పుడే తెలిసింది. ఆయన కొట్టుకి రెండు వందల గజాల దూరంలో నాన్న ఐదంతస్తులు లేస్తున్నాయి.

"సావుకారుగారు తలుపులు తీసేలోపు నాలుగు మొకాలకి నా కొట్టు తెలియాలండి అమ్మాయిగారూ. మైకులో ఏదైనా సెప్పిస్తే బాగుంటాదని మా ఇంటిది అంది. మీరు సేస్తారా? నాన్నగారికి కోపం వస్తాదేమో?"

"రానివ్వండి బాబాయ్," అన్నాను.

ఆయన మీద ప్రేమతోనే ఒప్పుకున్నానని ఇక్కడ రాసుకుంటే బాగుంటుంది. నిజానికి అందులో ముప్పావు వంతు నాన్న మీద కసి. బాస్ ఒప్పుకోడనుకున్నాను, మరీ చిన్న క్లయింట్ అని. కానీ "పెద్దవోళ్ళెవరూ రానేదా" అన్న మాట ఆయన లోపల ఇంకా మండుతోంది. కుర్చీలోంచి లేవకుండానే "చేసెయ్" అన్నాడు.

ఒక రోజంతా ఆయన కొట్టులో కూర్చుని చూశాను. చిన్న గది, ఒక పరుపు, గోడ పొడవునా అరలు, గల్లా దగ్గర ఆయన భార్య. ఆవిడని పిన్ని అనేదాన్ని. మధ్యాహ్నం సముద్రం వైపు ఊరి నుంచి ఒకావిడ వచ్చింది. చేపల బేరం చేసే మనిషి. కూతురి పెళ్ళిచూపులకి తను కట్టుకోవడానికి చీర కావాలంది. ఎనిమిది చూసింది. ముఖంలో ఏ చీరకీ వెలుగు రాలేదు. అయినా లేవబోతూ "పోనీ ఇదిచ్చీండి" అంది.

"నచ్చనేదు కదమ్మా. కూకోండి, ఇంకోటి సూపిస్తాను," అన్నారు బాబాయ్.

"ఎందుకు బాబూ, మళ్ళీ అయ్యన్నీ మడతెట్టుకోవాల కదా."

"మడతెట్టడం నా పనమ్మా. సూడ్డం మీ పని."

ఆవిడ మళ్ళీ కూర్చుంది. కొంగు సర్దుకుని, ఈసారి బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పందొమ్మిదో చీర తీసుకుని వెళ్ళింది. నేను బ్యాగులోంచి పుస్తకం తీసి ఆయన అన్న మాటలు ఉన్నవున్నట్టు రాసుకున్నాను. ఈ ఉద్యోగంలో నా పేరు మీద ఉన్న ఒకే ఒక్క మంచి ప్రకటనలో నా మాట ఒక్కటీ లేదు.

రికార్డింగుకి మా బాస్ ఒక గొంతు కళాకారుణ్ణి పిలిపించాడు. శ్రీకాకుళం యాస తనకి కొట్టిన పిండి అని చెప్పుకున్నాడాయన. నూతిలో పడిపోతున్నవాడిలా ప్రతి మాటనీ సాగదీశాడు. బాబాయ్ చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని చివరిదాకా మర్యాదగా విన్నారు.

"ఈ బాబుకి పంటి నొప్పా?" అని నన్ను మెల్లగా అడిగారు.

సరే, మీరే మాట్లాడండి అని ఆయన్ని మైకు ముందు కూర్చోబెట్టాం. ఎర్రలైటు వెలగగానే బిగుసుకుపోయారు. "మా యందు సకల విధముల చీరలు లభించును" అని మొదలుపెట్టారు. ఆరుసార్లు తీస్తే ఆరుసార్లూ లభించును. చివరికి నా చున్నీ తీసి ఆయన చేతిలో పెట్టి మడత పెట్టమన్నాను. చేతులు పనిలో పడగానే గొంతు తిన్నగా వచ్చింది.

"అమ్మా, రండి. సూడండి. నచ్చకపోతే ఇంకోటి సూపించమనండి. అదీ నచ్చకపోతే మరోటి. కొనకపోయినా నానేటీ అనుకోను. మడతెట్టడం నా పని. సూడ్డం మీ పని."

ఆటో మీద మైకు కట్టి ఏడు రోడ్ల జంక్షన్ నుంచి అరసవల్లి దాకా తిప్పాం. మూడో రోజుకి ఎవరో ఫోనులో పట్టి వాట్సాప్‌లో పెట్టారు. వారం తిరిగేసరికి కూరగాయల బజారులో కూడా ఆడవాళ్ళు "నచ్చనేదు, ఇంకోటి సూపించు" అంటున్నారట. వంకాయల వాళ్ళు మమ్మల్ని తిట్టుకున్నారు. మా బాస్ ఆఫీసులో కేకు కోయించాడు. నేను రెండు ముక్కలు తిన్నాను.

మర్నాడు పొద్దున్నే బాబాయ్ ఫోన్ చేశారు.

"అమ్మాయిగారూ, మీ ప్రకటన బాగా పనిసేసిందండి."

"చాలా సంతోషం బాబాయ్! ఎలా ఉంది బేరం?"

"సూడ్డానికి వస్తన్నారండి. బోల్డుమంది. సూసీసి ఎల్లిపోతన్నారు. నాకు నడుం పట్టేసింది. లేవలేకపోతన్నాను."

మేం చెప్పిందే వాళ్ళు చేశారు. కొనకపోయినా ఏమీ అనుకోనన్నాం కదా. అరసవల్లి గుళ్ళో సూర్యదేవుడి దర్శనం అయినవాళ్ళు బస్సు వచ్చేదాకా, ఎండ తగ్గేదాకా, ఏసీ ఉంది కదా అని వచ్చి చీరలు చూశారు. ఒక ముసలావిడ నలభై చీరలు విప్పించి, "నాను రంగుసీరలు కట్టడం మానీసి పదేళ్ళయింది బాబూ. సూడాలనిపించింది," అని ఆయన్ని దీవించి, ప్రసాదం పెట్టి వెళ్ళిపోయిందట. అది విని నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆ నలభై మడిచింది నేను కాదు కాబట్టి రావడం తేలిక.

సెలవు పెట్టి శ్రీకాకుళం వెళ్ళాను. అరసవల్లిలో లాడ్జిలో దిగి, క్షమాపణ ఎలా చెప్పాలా అని ఆలోచించుకుంటూ కొట్టుకి వెళ్ళాను. పిన్ని నాకా అవకాశం ఇవ్వలేదు. పరుపు వైపు వేలు చూపించింది.

"నువ్వే రాసినావు కదా. నువ్వే మడతెట్టు."

తొమ్మిది రోజులు మడతపెట్టాను. మొదటి రోజు నా మడతలు చూసి పిన్ని వాటిని విప్పి మళ్ళీ పెట్టింది. మూడో రోజుకి చేతులకి పాత సంగతి గుర్తొచ్చింది. నాలుగో రోజుకి మోకాళ్ళు మొద్దుబారాయి. ఎంబీయే, కార్డు, కెరటాలు అన్నీ మర్చిపోయి, ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం చూస్తూ కూర్చోవడం అలవాటైంది. చీర చెయ్యి జారిపోతున్నప్పుడు వాళ్ళ కళ్ళు ఒక్క క్షణం దాని వెనకే వెళ్ళేవి. బాబాయ్ వెనక గదిలో మంచం మీద పడుకుని, చప్పుడు బట్టి "ఆ అంచు వంకర పోయిందండి" అని అరిచేవారు.

ఆదివారం వచ్చింది. గుడికి జనం ఎక్కువగా వచ్చే రోజు. పదకొండు గంటలప్పుడు పరుపు ముందు ఆరుగురు ఆడవాళ్ళున్నారు. గుమ్మంలో చెప్పులు విడుస్తున్న శబ్దం విని తలెత్తాను. నాన్న, వెనక అమ్మ. దర్శనం చేసుకుని వచ్చారు, ఇద్దరికీ నుదుట కుంకుమ. అమ్మ నన్ను ఆ పరుపు మీద చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాన్న పరుపు ముందు మఠం వేసుకుని కూర్చున్నాడు.

"సీరలు సూపించమ్మా," అన్నాడు, నన్నెప్పుడూ చూడనట్టు.

చూపించాను. అంచు వేళ్ళ మధ్య రుద్ది చూసి, పక్కన పెట్టి, "ఇంకోటి" అన్నాడు. చూపించాను. "ఇంకోటి." పదిహేను దాటాయి. మిగతా ఆడవాళ్ళు తమ చీరలు వదిలేసి ఇటు చూడటం మొదలుపెట్టారు. ఇరవై దాటాయి. "ఇంకోటి సూపించమనండి అని మైకులో అరుస్తన్నారు కదా. ఇంకోటి." ముప్పై దాటాక నాకు అర్థమైంది. ఆయన చీరలు చూడటం లేదు. నా ముక్కు వైపు చూస్తున్నాడు. నిట్టూర్పు కోసం కాచుకుని కూర్చున్నాడు.

నాకు పట్టుదల వచ్చింది. ఊపిరి లోపలే బిగపట్టి విప్పాను, మడిచాను. నలభయ్యో చీర దగ్గర నిట్టూర్పు రాలేదు గాని ఎక్కిళ్ళు వచ్చాయి. చీరకో ఎక్కిలి. పక్కనున్న ఆడవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. పిన్ని గ్లాసుతో నీళ్ళు తెచ్చి, "ముందు తాగీసి, తర్వాత సూపించు," అంది. నాన్న మూతి బిగించాడు గాని పొట్ట కదిలింది. నవ్వుతున్నాడు.

ఈ సందడికి బాబాయ్ గోడ పట్టుకుని వెనక గదిలోంచి వచ్చారు. నాన్నని చూడగానే నిటారుగా నిలబడబోయి, కుదరక, సగంలో ఆగిపోయారు.

"సావుకారుగారూ!"

"కూకో, కూకో. నడుం ఇరిగిందా?"

"పట్టేసిందండి."

"దీని మాట ఇంటే అలాగే అవుతాది," అన్నాడు నాన్న. కానీ ఆ గొంతులో ఎప్పుడూ ఉండే గట్టిదనం లేదు. చుట్టూ అరలు చూశాడు, పరుపు చూశాడు. "బాగా పెట్టినావు కొట్టు," అన్నాడు.

అప్పుడు అమ్మ మాట్లాడింది. ఇంతసేపూ ఆవిడ పరుపు చివర కూర్చుని ఉంది. ఏడో చీరో ఎనిమిదో చీరో, మామిడాకు రంగుది, అప్పటి నుంచీ ఒళ్ళోనే పెట్టుకుని ఉంది.

"నాకిది గావాల."

నాన్న నిజంగా ఆశ్చర్యపోయాడు. "నీకేటే? మన కొట్టులో సీరల్లేవా?"

"ఉన్నాయి. నన్నెప్పుడైనా సూడనిచ్చావా? పండగకి ఇంటికి మూడు పంపిస్తావు. నానొకటి ఉంచుకోవాల, రెండు తిప్పి పంపించాల. పెళ్ళయిన కాణ్ణుంచీ అంతే. సావుకారుగారి బార్య కొట్టుకొచ్చి పరుపు మీద కూకుంటే బాగోదన్నావు. ఇన్ని సీరలు ఒక్కసారి సూడ్డం నాకిదే మొదలు."

నాకు ఎక్కిళ్ళు ఆగిపోయాయి. ఒక పట్టణం మొత్తానికి చీరలు కట్టబెట్టిన ఇంట్లో పుట్టి, నేను ఆ సంగతి ఒక్కరోజు కూడా గమనించలేదు. ఇంటికి మూడు చీరలు రావడం, రెండు వెళ్ళడం నా కళ్ళముందే జరిగేది. కొన్నిసార్లు ఆ రెండూ తిరిగి కొట్టుకి మోసుకెళ్ళింది నేనే.

నాన్న ఆ చీర తీసుకున్నాడు. పిన్ని దాన్ని సంచీలో పెట్టి ఇచ్చింది. అమ్మ ఆ సంచీ ఆయన చేతికివ్వకుండా తనే పట్టుకుని కారెక్కింది.

ఆ రోజుతో బేరాలు జోరందుకున్నాయని చెప్పాలని ఉంది. అలా ఏమీ కాలేదు. ఇంకో రెండు నెలలు అందరూ చూసి వెళ్ళారు. పెళ్ళిళ్ళ రోజులు వచ్చాక మాత్రం, ఊరికే చూసి వెళ్ళినవాళ్ళు ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని వచ్చారు. బాబాయ్ మడతలకి ఇద్దరు ఆడవాళ్ళని పెట్టుకున్నారు. నడుముకి బెల్టు కొనుక్కున్నారు.

నాన్న కొట్టుని నా ప్రకటన మట్టికరిపించిందని కూడా చెప్పాలని ఉంది. అదీ కాలేదు. హీరోయిన్ వచ్చింది, రోడ్డు గంటన్నర ఆగిపోయింది, ఐదంతస్తులూ నిండాయి. ఇప్పటికీ బాగానే నడుస్తోంది. వాళ్ళకి లిఫ్టుంది, కార్లు పెట్టుకునే చోటుంది. ఒక్క ఇబ్బంది వచ్చింది. ఆ ఊరి ఆడవాళ్ళకి మేం ఒక అలవాటు నేర్పి పెట్టాం. అక్కడికి వెళ్ళి కూడా "ఇంకోటి సూపించండి" అనడం మొదలుపెట్టారు. అక్కడి గుమాస్తాలు పాత పద్ధతిలో నిట్టూర్చారు. ఆడవాళ్ళు లేచి రెండు వందల గజాలు నడిచారు.

ఒక మధ్యాహ్నం నాన్న ఫోన్ చేశాడు.

"ఒసే, మీ బాబాయ్ గారిని ఒక్కరోజు రాజాం పంపించగలవా? మనవోళ్ళకి కాస్త నేర్పాల."

"ఏం నేర్పాలి నాన్నా?"

"ముక్కుతో ఊపిరి తీసుకోవడం," అన్నాడు.

బాబాయ్ వచ్చారు. నేనూ వెళ్ళాను. రాజాం కొట్టు ఆ పూట మూసి, రెండు కొట్ల గుమాస్తాలనీ చీరల అంతస్తులో కూర్చోబెట్టారు. నాన్న ఆయన కోసం కుర్చీ వేయించాడు. ముప్పై ఏళ్ళలో ఆయన ఆ కొట్టులో కుర్చీ మీద కూర్చోవడం నేను చూడలేదు. ఆ రోజూ కూర్చోలేదు. మొహమాటం కాదు, కుర్చీలో కూర్చుని చీర మడత పెట్టడం ఎవరివల్లా కాదని చెప్పారు. నాన్న కూడా కుర్చీ వదిలేసి, మోకాలు పట్టుకుని మెల్లగా కిందకి దిగి పరుపు అంచున కూర్చున్నాడు.

"ఎంతకీ కొనకపోతే ఏటి సెయ్యాలండి?" అని ఒక గుమాస్తా అడిగాడు.

"తైలం రాసుకోవాల," అన్నారు బాబాయ్.

భోజనాల దగ్గర నాన్న నాతో, పప్పు కలుపుకుంటూ, ఏదో చిన్న విషయంలా చెప్పాడు. "కొట్లు రెండూ నీ పేరనే రాయిస్తన్నాను. గల్లా దగ్గర మాత్రం నువ్వు కూకోకు."

"మరెవరు కూర్చుంటారు?"

"నాను పోయినాక నీ ఇష్టం. ఎవులినైనా పెట్టుకో. నిజం సెప్పనోళ్ళని సూసి పెట్టుకో."

నేను ఇప్పటికీ విశాఖపట్నంలోనే ఉన్నాను. ప్రస్తుతం ఒక బోరు మోటార్ల కంపెనీకి రాస్తున్నాను. యజమాని తన మనవడిని మోటారు మీద కూర్చోబెట్టి ఫొటో తీయాలంటున్నాడు. మనవడు ఒప్పుకోవడం లేదు.

అమ్మ మాత్రం మధ్యాహ్నం మూడింటికి రాజాం కొట్టుకి వెళ్తోంది. చీరల అంతస్తులో పరుపు మీద కూర్చుని, వచ్చిన సరుకంతా విప్పించి చూస్తుంది. గుమాస్తాలకి ఆవిడంటే హడల్. నెలకో ఆదివారం దర్శనం అని చెప్పి అరసవల్లి కూడా వెళ్తుంది. దర్శనం పావుగంటలో అయిపోతుంది. మిగతా పూటంతా బాబాయ్ కొట్టులో ఉంటుంది. మొన్న ఆదివారం అక్కడి నుంచే ఫోన్ చేసి, వంగపండు రంగు తనకి బాగుంటుందా అని అడిగింది. బాగుంటుందన్నాను. "నిజమేనా?" అంది. ఫొటో పంపించమన్నాను. పద్దెనిమిది వచ్చాయి.